వెనకపాయ నీళ్ళు

హారన్ మోగినప్పుడు గోడ గడియారంలో పదకొండు దాటి పన్నెండు నిమిషాలయింది. ఆ సంగతి కోడలికి ఖాయంగా తెలుసు. తెలిసి పది రోజులైంది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అడిగినవాళ్ళు లేక కాదు. రోడ్ల శాఖ ఇంజనీరు గేటు గదికి వచ్చి, కుర్చీ ఎదురుగా లాక్కుని కూర్చుని, పెన్ను మూత తీసి మరీ అడిగాడు.

"పాల వ్యాను లోపలికి వెళ్ళింది పదకొండూ రెండుకి. మీ రిజిస్టర్లోనే ఉంది. హారన్ ఎన్నింటికి వినిపించింది?"

ఆమె ఒక్క క్షణం మామగారి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి నీళ్ళవైపు చూస్తున్నాడు.

"సరిగ్గా గుర్తులేదు సార్," అంది.

ఇంజనీరు అదే రాసుకున్నాడు. ఆ మూడు మాటలతో ఒక మనిషి ఉద్యోగం గాల్లో వేలాడింది.

ఏరు సముద్రంలో కలిసే ముందు రెండు పాయలుగా చీలి, మధ్యలో ఒక దీవిని వదిలింది. దీవికి అవతల ఉన్నది వెనకపాయ. లోతైనది, పడవలు తిరిగేది. ఇవతల ఉన్నది ముందుపాయ. దాని మీదుగా ఒడ్డు నుంచి దీవికి రెండు కిలోమీటర్ల రాళ్ళదారి. ఆటు వచ్చి నీళ్ళు తీస్తే దారి బయటపడుతుంది. పోటు వస్తే మునిగిపోతుంది. ఒడ్డు కొసన ఒక ఇనుప గేటు, ఒక గది, గోడకి ఒక నల్ల పలక. ఆ పలక మీద ప్రతి ఆటుకీ రెండు అంకెలు: తెరిచే వేళ, మూసే వేళ. దీవిలో ఉన్న నాలుగు వందల గడపలూ ఆ రెండు అంకెల మీదే బతుకుతాయి.

ఆ అంకెలు రాసేది మామగారు. ఊళ్ళో ఆయన్ని అందరూ గడియారం అంటారు. సొంత పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఓడరేవు వాళ్ళు అచ్చేసిన పోటు వేళల పుస్తకం గదిలో ఉంది కానీ, అది బయటి రేవు లెక్క. అక్కడికి వచ్చిన నీళ్ళు ఇక్కడికి రావడానికి ఎంతసేపు పడుతుందో ఏ పుస్తకంలోనూ ఉండదు. "నిన్నటి వేళకి ముప్పావు గంట కలిపితే చాలుగా?" అని కొత్తలో కోడలు అడిగితే ఆయన నవ్వాడు. "పోటు పెద్దదయ్యే రోజుల్లో ఆ ముప్పావు చిక్కిపోతుంది. చిన్నదయ్యే రోజుల్లో ఒళ్ళు చేసి గంట దాటుతుంది. నీళ్ళకీ ఆకలి ఒక్కలా ఉండదమ్మాయ్." గేటు పక్కన, సముద్రం వైపు, తారు పూసిన గుంజ ఒకటి పాతి ఉంది. దాని మీద తెల్ల గీతలు. నీళ్ళు ఏ గీత దగ్గర ఉన్నాయో చూసి, నిన్నటిదీ మొన్నటిదీ గుర్తుచేసుకుని, చందమామ వయసు కలిపి, ఆయన అంకె రాస్తాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క అంకె చెరపలేదు.

ఆ రోజు మూసే వేళ పదకొండూ ఇరవై. మూశాక కూడా దారి మధ్యలో ఉన్న పల్లంలోకి నీళ్ళు ఎక్కడానికి మరో పది నిమిషాలు పడుతుంది. ఆఖరి బండి దాటిపోవడానికి వదిలిన వెసులుబాటు అది. పదకొండూ రెండుకి వెళ్ళినవాడు, రాళ్ళ మీద ఎంత మెల్లగా నడిపినా, పావుగంటలో దీవిలో ఉండాలి. మరి పల్లంలో ఎలా మునిగాడు? ఇంజను ఉప్పునీళ్ళు తాగి చచ్చింది. పాల క్యాన్లు నీళ్ళలో కొట్టుకుపోయాయి. డ్రైవరు సాయం కోసం హారన్ కొట్టి, పైకప్పు ఎక్కి పడవ వచ్చేదాకా కూర్చున్నాడు. దారి మధ్యలో బండి ఆపి ఫోన్లో కబుర్లు చెప్పుకుంటూ ఉండి ఉంటాడు అని లోకం తీర్పు చెప్పేసింది. ఎందుకంటే అతని పేరే కబుర్లు. ఒకసారి ముందు అద్దంలోంచి చేప దూకి ఒళ్ళో పడిందనీ, పాపం పిల్లల తల్లి అని వదిలేశాననీ చెప్పిన మనిషి.

వారం తిరిగాక ఇంజనీరు స్వయంగా వచ్చి, సాయంత్రం ఐదింటి దాకా పల్లం దగ్గర చేతి గడియారం పట్టుకుని నిలబడ్డాడు. పలక ఏం చెప్పిందో నీళ్ళు అదే చేశాయి. నిమిషం తేడా లేదు. ఇంకేముంది, తప్పు డ్రైవరుదే. వచ్చే గురువారం మూడు గంటలకి ఆఫీసులో ఆఖరి విచారణ. ఆ తర్వాత లైసెన్సు రద్దు, ఉద్యోగం హుష్ కాకి.

కోడలు ఎందుకు నోరు విప్పలేదంటే, మామగారికి కంటి ఆపరేషన్ అయి మూడు నెలలే అయింది. పదకొండూ పన్నెండు అంటే మూసే వేళకి ముందే నీళ్ళొచ్చాయని అర్థం. ఆ మాట బయటికి వస్తే అందరూ అనేది ఒకటే: ముసలాయనకి గుంజ మీద గీతలు కనపడటం లేదు.

*

శనివారం పొద్దున మూసే వేళ ఏడూ నలభై ఐదు. కోడలు ఏడింటికే పార, పొడుగు చీపురు సైకిలుకి కట్టుకుని పల్లం దగ్గరికి వెళ్ళింది. రాళ్ళకి పట్టిన నాచు గీకడం ఆమె పనే. గీకకపోతే టైర్లు జారతాయి. రోజూ అయితే ఒక్క పది నిమిషాలు గీకి వచ్చేస్తుంది. ఆ రోజు మాత్రం గీకినచోటే మళ్ళీ గీకుతూ, మణికట్టు మీద వాచీ వైపు చూస్తూ, నీళ్ళ కోసం కాచుకుంది.

ఏడూ యాభై ఐదుకి సముద్రం వైపు ఇసుక తడిసింది. సన్నటి నీటి పొర ఒకటి రాళ్ళ సందుల్లోంచి వచ్చి ఆమె చెప్పుల్ని తాకింది. ఎప్పుడు రావాలో అప్పుడే. ఎటు నుంచి రావాలో అటు నుంచే.

ఆమె గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆ వెంటనే సిగ్గేసింది. ఆ బండ ఇంకొకడి నెత్తిన ఉంది కదా.

ఆదివారం కూడా అంతే. మామగారి అంకె అక్షరాలా నిజమైంది. తిరిగొస్తూ సబ్బు కొనడానికి బస్టాండు దగ్గర ఆగితే, టీ బండి చుట్టూ నలుగురు మనుషులు, మధ్యలో డ్రైవరు కబుర్లు. పాల డిపోలో ఇప్పుడు వ్యాను లేదు కనక ట్రేలు మోసే పనిలో పెట్టారు. భుజాల మీద చొక్కా చిరిగి ఉంది. నోరు మాత్రం బాగానే ఉంది.

"నీళ్ళు వెనక నుంచి వచ్చాయిరా బాబూ, వెనక నుంచి! నేను సముద్రం వైపు చూస్తూ నడుపుతున్నాను. అటు ఎండ, ఇసుక, కొంగలు. ఇటు చూద్దును కదా, ఏటి వైపు నుంచి ఏనుగు తోసుకొచ్చినట్టు..."

"ఏనుగా? మొన్న ఎద్దు అన్నావు," అన్నాడు ఒకడు.

"రేపటికి రైలవుతుంది," అన్నాడు ఇంకొకడు. టీ గ్లాసులు ఒలికేలా నవ్వారు. పోటు సముద్రం నుంచి కాక ఏటి నుంచి వస్తుందా? చంటిపిల్లాడు కూడా నమ్మడు.

కబుర్లు కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. నవ్వుతూనే తల తిప్పి ఆమెని చూశాడు. గ్లాసు కింద పెట్టి దగ్గరికి వచ్చాడు.

"చెల్లెమ్మా, నువ్వు హారన్ విన్నావు కదూ?"

"విన్నాను."

"ఎన్నింటికి?"

ఆమె చేతిలోని సబ్బు కాగితం చిరిగింది. అతను రెండు క్షణాలు చూశాడు. తర్వాత అతనే ఆమెని గట్టెక్కించాడు.

"పోనీలే. నేను హారన్ కొడితే పాలు తీసుకోవడానికి గిన్నె పట్టుకొచ్చేవాళ్ళే కానీ టైము చూసేవాళ్ళెవరు?" అనేసి, చొక్కా సర్దుకుని, ట్రేల వైపు వెళ్ళిపోయాడు.

తిట్టి ఉంటే బాగుండేది అనుకుంది ఆమె, దారి పొడుగునా.

ఇంటికి వెళ్ళాక గేటు రిజిస్టరు ముందేసుకుంది. వెనకపాయలో పూడిక తీసే ఓడ పని ముగించుకుని వెళ్ళిపోయి నెలా పది రోజులైంది. పెద్ద పడవలు తిరగాలని పాయని రెండు నిలువుల లోతు తవ్వారు. అప్పటి నుంచి వచ్చిన పెద్ద పోటు రోజులన్నీ వేలితో వెతికింది. ఆ రోజుల్లో మూసే ముందు ఆఖరి ఇరవై నిమిషాల్లో దారిలోకి వెళ్ళిన బండి ఒక్కటే ఒక్కటి. పాల వ్యాను.

ఆమె వేలు అక్కడే ఆగిపోయింది. ఇంజనీరు చూసింది ఎప్పుడు? చిన్న పోటు రోజున. తను నిన్నా ఇవాళా చూసింది? పోటు ఇంకా పెరగని రోజులే.

*

మంగళవారం పున్నమి. మూసే వేళ పది గంటలు.

ఆమె గీకిన నాచుని ఎప్పటిలా ఏటి వైపు అంచున కుప్ప పోసింది. సముద్రం వైపు పోస్తే నీళ్ళు వెంటనే తిరిగి దారి మీదికి తెచ్చేస్తాయి. ఏటి వైపైతే ఆఖరున తడుస్తుంది. అందరూ చేసే పద్ధతే. నడుం నిలబెట్టి సముద్రం వైపు చూసింది. ఇసుక పొడిగా మెరుస్తోంది. వాచీలో పదీ రెండు.

వెనకాల చిన్న చప్పుడు. గిన్నెలో బియ్యం కడిగితే వచ్చే చప్పుడు.

తిరిగి చూసింది. నాచు కుప్ప కదులుతోంది. దాని కింద నుంచి మట్టిరంగు నీళ్ళు, గడ్డిపరకలూ నురగా మోసుకుంటూ, దారిలోకి నాలుక చాపుతున్నాయి. దీవి చివర చుట్టూ తిరిగి, వెనకపాయ లోంచి, అచ్చంగా వెనక నుంచి. సముద్రం వైపు ఇసుక ఇంకా పొడిగానే ఉంది.

ఎనిమిది నిమిషాలు ముందు. పోటు ఇంకా రెండు రోజులు పెరుగుతుంది.

ఆమె సైకిలు ఎక్కలేదు. నడిపించుకుంటూ పరిగెత్తింది.

ఆ సాయంత్రం భర్త పడవల మరమ్మతు షెడ్డు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, నీళ్ళు పోస్తూనే మొత్తం చెప్పింది. అతను వెల్డరు. ముక్కలు అతకడం అతని వృత్తి. కానీ ఆ సాయంత్రం అతని మొహం చూస్తే ఏదో విరిగినట్టుంది.

"నాన్నకి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. కళ్ళజోడు లేకుండా పేపరు చదువుతున్నానని వారం రోజుల నుంచి పిల్లాడిలా మురిసిపోతున్నాడు. ముప్పై ఏళ్ళ పేరు ఇది. ఈ మాట వింటే మంచం పట్టేస్తాడు."

"మరి ఆ డ్రైవరు?"

"వాడు మాటకారి, ఎక్కడైనా బతుకుతాడు. నువ్వు గేటు కాస్త ముందు దించెయ్. ఎవరికీ నష్టం ఉండదు." కాలు తుడుచుకుంటూ ఆగి, మెల్లగా అన్నాడు. "నేను చెడ్డవాణ్ణి కాదే. ఆయన మా నాన్న."

"నాకు తెలుసు," అంది ఆమె. చెంబు ఖాళీ అయిపోయినా అలాగే వంచి పట్టుకుని ఉంది.

*

బుధవారం మూసే వేళ పదీ నలభై. ఆమె పదిన్నరకి కూడా ఆగలేదు. పదీ ఇరవైకే గేటు దించేసింది.

అప్పుడే వచ్చిన చేపల వ్యాను కిర్రుమని ఆగింది. "అమ్మా, ఇంకా ఇరవై నిమిషాలుంది! పలక చూడు! గడియారంగారి పలక కంటే నీ చెయ్యి ముందు నడుస్తుందా?"

"రాళ్ళ మీద నాచు ఉంది. గీకాలి. పొద్దుపోయాక రెండో ఆటుకి వెళ్ళు."

"ఐసు కరిగిపోతుంది తల్లీ!"

"కరిగితే కరగనీ. ఇంజను కరక్కుండా ఉంటే చాలు."

అతను గొణుక్కుంటూ బండి వెనక్కి తిప్పాడు. ఆమె తాళం వేసి తిరిగేసరికి, గది గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నాడు. పలక వైపు చూశాడు, గేటు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

పదకొండూ పదికి కంట్లో చుక్కలు వేసే వేళ. ఆయన ఎప్పటిలా బల్ల మీద పడుకుని, తలకింద మడిచిన తువ్వాలు పెట్టుకున్నాడు. ఆమె చేతులు కడుక్కుని, సీసా మూత తీసి, ఎడమచేత్తో ఆయన కింది రెప్పని మెత్తగా లాగి పట్టుకుంది. ఒక చుక్క. రెండో కంట్లో ఒక చుక్క. తర్వాత ఐదు నిమిషాలు కళ్ళు తెరవకూడదు, కదలకూడదు.

"ఆ రోజు కూడా ఇలాగే పడుకున్నాను," అన్నాడు ఆయన, కళ్ళు మూసుకునే.

ఆమె చేతిలో సీసా మూత ఆగిపోయింది.

"హారన్ మోగినప్పుడు నా కళ్ళలో మందు ఉంది. నువ్వు మందు వేసేది పదకొండూ పదికి. నిమిషం అటూ ఇటూ కానివ్వవు. నేను ముసలివాణ్ణే కానీ లెక్క మరిచిపోలేదు అమ్మాయ్."

"మామయ్యా..."

"ఇంజనీరు అడిగినప్పుడు నువ్వు గుర్తులేదన్నావు. నా కోసమే అన్నావని నాకు తెలుసు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అతను నన్ను అడగలేదు. అడగకపోతే బాగుణ్ణని మొక్కుకున్నాను." "పొద్దున్న లేవగానే గుంజ దగ్గరికి వెళ్ళి గీతలు లెక్కపెడుతున్నాను. ఎడం కన్ను మూసి ఒకసారి, కుడి కన్ను మూసి ఒకసారి. ఏడు గీతలు. ఎప్పుడూ ఏడే. మరి ఎక్కడ తప్పాను? కళ్ళు పోతే పోయాయి అనుకోవచ్చు. బుర్ర పోతోందేమో అని భయమేసింది."

మూసుకున్న రెప్పల కింద నుంచి ఒక చుక్క జారి చెవి వైపు వెళ్ళింది. మందో, ఏమో. ఆమె కొంగుతో తుడిచింది.

"మీ కళ్ళు బాగానే ఉన్నాయి. బుర్రా బాగానే ఉంది," అంది. "గుంజ ఉన్నచోట నీళ్ళు సరిగ్గానే వస్తున్నాయి మామయ్యా. పల్లం దగ్గర తేడా. అక్కడికి వెనక నుంచి వస్తున్నాయి. వెనకపాయ లోంచి. లోతు తవ్వారు కదా, పెద్ద పోటుకి నీళ్ళు అటు నుంచి తొందరగా చుట్టి వచ్చేస్తున్నాయి. నిన్న నా కళ్ళతో చూశాను. ఎనిమిది నిమిషాలు ముందు. చిన్న పోటుకి తేడా లేదు. అందుకే ఇంజనీరుకి దొరకలేదు."

ఐదు నిమిషాలు ఇంకా కాలేదు. ఆయన కళ్ళు తెరిచేశాడు.

"వెనక నుంచా?"

"పడుకోండి, మందు..."

"మందు సంగతి తర్వాత!" లేచి కూర్చున్నాడు. మొహం మీద ఆమె ఎన్నడూ చూడని వెలుగొకటి. "వెనక నుంచే! ఓసి నీ దుంపతెగ! నేను దానికి కాపలా ఇక్కడ కాస్తుంటే అది దొడ్డిదారిన వస్తోందా!"

ఆమెకి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. మంచం పట్టేస్తాడనుకున్న మనిషి చెప్పుల కోసం వెతుకుతున్నాడు.

"ఇప్పుడెక్కడికి? నీళ్ళొచ్చేశాయి."

"అవును కదూ. రేపు పద. రేపటికి బాగా బలుస్తుంది." నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఆగాడు. వెలుగు మెల్లగా తగ్గింది. "అంటే ఆ అబ్బాయి చెప్పింది నిజమే. మొదటి రోజు నుంచీ నిజమే చెబుతున్నాడు."

"అవును."

"నేనూ నవ్వాను," అన్నాడు ఆయన. "ఆ మాట విని నేనూ నవ్వానమ్మాయ్."

*

గురువారం పొద్దున గేటు అసలు తెరవలేదు. ఇద్దరూ నడుచుకుంటూ పల్లం దగ్గరికి వెళ్ళారు. ఆయన మోకాళ్ళు పట్టేస్తుంటే మధ్యలో రెండుసార్లు ఆగారు. లెక్క ప్రకారం నీళ్ళు రావాల్సింది పదకొండున్నరకి. పదకొండింటికి ఆయన ఏటి వైపు తిరిగి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా అలవాటైన వైపుకి వీపు పెట్టి.

పదకొండూ తొమ్మిదికి వచ్చాయి. ఆమె వాచీ చూపించబోతే ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. వంగి, ఆ మట్టినీళ్ళలో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు తక్కువ. ఏటినీళ్ళు కలిసిన పోటు. కొత్తగా పరిచయమైన మనిషిని చూసినట్టు చూశాడు వాటిని.

"పద," అన్నాడు పాదాలు తడిశాక. "ఈ బట్టలతో ఆఫీసుకి వెళ్ళకూడదు."

మూడింటికి ఆఫీసులో ఇంజనీరు టేబుల్ మీద కాగితం టైపు చేసి సిద్ధంగా ఉంది. సంతకాలే తరువాయి. గోడవారగా బెంచీ మీద కబుర్లు కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మడతపెట్టిన కాగితం. మాట్లాడటానికి కాగితం మీద రాసుకుని వచ్చాడంటే ఎంత భయపడుతున్నాడో ఆమెకి అర్థమైంది. ఆమె భర్త కూడా షెడ్డు నుంచి మసి చేతులతోనే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. మధ్యాహ్నం అన్నం దగ్గర తండ్రి ఏం చెప్పాడో, అతను మారు మాట్లాడలేదు.

"ఇక్కడ సాక్షి సంతకం పెట్టండి పెద్దాయనా," అన్నాడు ఇంజనీరు. "మీరు రావక్కర్లేదు అసలు. కాగితం నేనే పంపేవాణ్ణి."

మామగారు కాగితం చదివాడు. కళ్ళజోడు లేకుండా, మెల్లగా, చివరిదాకా. తర్వాత దాన్ని టేబుల్ మీద వెనక్కి జరిపాడు.

"ఇందులో తప్పుంది బాబూ. ఆ రోజు పలక మీద అంకె తప్పు. అది నేను రాసింది."

"మీ అంకె సరిగ్గా ఉందని నేనే స్వయంగా చూశాను," అన్నాడు ఇంజనీరు.

"మీరు చిన్న పోటు రోజున చూశారు. ఇవాళ మీరు వచ్చి ఉంటే మీ బూట్లు తడిసేవి." ఆయన జరిగిందంతా చెప్పాడు. వెనకపాయ, తవ్విన లోతు, గుంజ పాతిన చోటు. దాపరికం లేకుండా, ఎవరి మీదా విసురు లేకుండా.

ఇంజనీరు గొంతు తగ్గించాడు. "చూడండి, మీకు తెలియక చెబుతున్నారు. ఇది రాస్తే మీ మీదికి వస్తుంది. పూడిక తీత వాళ్ళ దాకా వెళుతుంది, నా దాకా వస్తుంది. ఇతనేమో..." బెంచీ వైపు చూసి సగంలో ఆపాడు. ఇతనేమో కబుర్లు. ఎవరూ లెక్కచెయ్యని మనిషి.

"నా మీదికి రావాలనే వచ్చాను."

"ఆధారం ఏముంది? హారన్ ఎప్పుడు మోగిందో ఎవరికీ గుర్తులేదు."

"పదకొండూ పన్నెండుకి," అంది కోడలు.

అందరూ ఆమె వైపు తిరిగారు. గుమ్మంలో భర్త తల దించుకున్నాడు, మళ్ళీ ఎత్తాడు.

"మామయ్యకి కళ్ళలో మందు వేసి గడియారం చూశాను సార్. ఐదు నిమిషాలు లెక్కపెట్టాలి కాబట్టి చూశాను. రెండు నిమిషాలు గడిచాయి, అప్పుడు మోగింది. ఆ రోజు మీరు అడిగినప్పుడు నాకు గుర్తుంది. గుర్తులేదని అబద్ధం చెప్పాను. అది కూడా రాసుకోండి."

ఇంజనీరు పెన్ను కింద పెట్టాడు. టైపు చేసిన కాగితం వైపు చూశాడు. చివరికి దాన్ని పొడుగ్గా రెండు మడతలు పెట్టి, సొరుగులో కాకుండా కింద ఉన్న చెత్తబుట్టలో పడేశాడు. తెల్లకాగితం ఒకటి తీసుకున్నాడు.

"మొదటి నుంచి చెప్పండి," అన్నాడు. గంటసేపు రాశాడు. కబుర్లుని కూడా కుర్చీలో కూర్చోబెట్టి అడిగాడు. పాపం, కాగితం విప్పకుండానే చెప్పగలిగాడు. రాయడం అయ్యాక ఇంజనీరు కళ్ళు నులుముకున్నాడు. "సరే. ఇతని లైసెన్సు సంగతి ఇక వదిలెయ్యండి. నేను చూసుకుంటాను. మీ సంగతి పైవాళ్ళు తేల్చాలి. అంతవరకూ దారి నడవాలిగా పెద్దాయనా. రేపు మూసే వేళ ఎంతని రాస్తారు?"

ముప్పై ఏళ్ళలో ఆ ప్రశ్నకి జవాబు ఆలస్యం కాలేదు. ఇవాళ మామగారు తల అడ్డంగా ఊపాడు.

"తెలియదు," అన్నాడు. ఆ మాట అన్నాక ఆయన భుజాలు కాస్త కిందికి దిగాయి. బరువు దింపుకున్నవాడిలా. "నిజంగా తెలియదు బాబూ. మళ్ళీ మొదటి నుంచీ నేర్చుకోవాలి. అటు వైపు ఇంకో గుంజ పాతాలి. ఎక్కడ పాతాలో కూడా తెలియదు."

"నాకు తెలుసు," అన్నాడు కబుర్లు.

అందరూ చూసేసరికి అతనికి మొహమాటమేసింది. మడతకాగితాన్ని జేబులోకి తోశాడు. "నీళ్ళు ఎక్కడ మొదట తగిలాయో, ఎంతసేపట్లో ఎక్కడిదాకా వచ్చాయో నాకు బాగా తెలుసు పెద్దాయనా. పైకప్పు మీద కూర్చుని గంటన్నర వేరే పనేముంది, అదే చూశాను. చూపిస్తాను. గుంజ కూడా నేనే మోస్తాను, మోసే పని ఇప్పుడు బాగా అలవాటైంది."

మామగారు అతని దగ్గరికి వెళ్ళి, చిరిగి కుట్టు వేసిన భుజం మీద చెయ్యి వేశాడు. "నేను నీ మాటకి నవ్వాను నాయనా," అన్నాడు.

"నవ్వాలనే కదండీ చెబుతాను," అన్నాడు కబుర్లు. కానీ కళ్ళు తుడుచుకున్నాడు.

మెట్లు దిగుతుండగా అతను కోడలి పక్కకి వచ్చాడు. ముందు తండ్రీ కొడుకూ నడుస్తున్నారు. కొడుకు మసి చెయ్యి తండ్రి మోచేతి కింద ఉంది. తెల్ల చొక్కాకి మరక అంటినా ఆయన పట్టించుకోవడం లేదు.

"పదకొండూ పన్నెండా చెల్లెమ్మా? నిజంగా?"

"నిజంగా. ముందే చెప్పాల్సింది. నన్ను..."

"కాదు కాదు, అది కాదు." అతను ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు వేళ్ళు ముడిచాడు. "ఊరందరికీ నేను పదకొండూ పది అని చెప్పాను. అంటే రెండు నిమిషాలు ముందుకి జరిపి, కథ పెంచి చెప్పాను."

ఆమె ఆగిపోయి అతని మొహంలోకి చూసింది. అతను చాలా సీరియస్‌గా ఉన్నాడు.

"రెండు నిమిషాలే," అన్నాడు మళ్ళీ, తనకే ఆశ్చర్యంగా ఉన్నట్టు.

ఆమెకి నవ్వాగలేదు. రెండు వారాలుగా లోపల దాచుకున్నదేదో ఆ నవ్వుతో పాటు బయటికి వచ్చేసింది. ముందు నడుస్తున్న ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు.

"రేపు పదకొండింటికల్లా రా అన్నయ్యా," అంది ఆమె, కళ్ళు కొంగుతో ఒత్తుకుంటూ.

"పదిన్నరకే వస్తాను," అన్నాడు అతను.